తిరిగివచ్చిన చీర ఏం చెబుతుంది?

శ్రీకాళహస్తిలో కలంకారీ చీరలు అమ్మే ఒక చిన్న దుకాణం ఉందనుకోండి. గుడికి వచ్చిన యాత్రికులకే కాకుండా, ఇంటర్నెట్ ద్వారా దూరపు ఊళ్ళకు కూడా వాళ్ళు చీరలు అమ్ముతారు. ఫోనులో చీర ఫోటో చూసి చెన్నైలోనో, హైదరాబాదులోనో ఎవరో డబ్బు కడతారు. చీర పార్సిలులో వెళుతుంది. పది రోజులు తిరక్కుండా అదే పార్సిలు మళ్ళీ దుకాణం గుమ్మంలోకి వచ్చి పడుతుంది. లోపల ఒక చీటీ: "రంగు నచ్చలేదు. డబ్బు వాపసు చేయగలరు."

నచ్చకపోతే తిరిగి తీసుకుంటామని దుకాణం వారే ముందు మాట ఇచ్చారు. కనుక తీసుకోవలసిందే. అయితే ఒక షరతు ఉంది. చీర కట్టి ఉండకూడదు.

చీర విప్పి చూశారు. ధర చీటీ ఊడకుండా అలాగే వేలాడుతోంది. కాని మడతలు మాత్రం తాము పెట్టి పంపిన మడతలు కావు. ఏదో వాసన కూడా ఉంది. ఇప్పుడేం చేయాలి? ఈ చీరను ఏ పెళ్ళిలోనో రోజంతా కట్టుకున్నారా? లేక భుజంమీద వేసుకుని, అద్దంలో చూసుకుని, పెదవి విరిచి మడతపెట్టేశారా?

ఇది చిన్న ప్రశ్నేమీ కాదు. కట్టిన చీరను కొత్తదని చెప్పి మరొకరికి అమ్మితే, ఆ రెండోవారు మోసపోయినట్లు. కట్టని చీరను "మీరు కట్టారు" అని డబ్బు ఆపేస్తే, మొదటివారిని చేయని తప్పుకు నిందించినట్లు. పోనీలే అని ప్రతిసారీ డబ్బు ఇచ్చేస్తూ పోతే, రోజుల తరబడి కలం పట్టి ఆ బొమ్మలు గీసిన చేతులకు కూలి ఎక్కడినుంచి వస్తుంది?

దుస్తులను ఆన్‌లైనులో అమ్మే వారందరికీ, చిన్నా పెద్దా తేడా లేకుండా, ఈ చిక్కు ఉంది. ఒక పూట తొడుక్కుని, ఫోటోలు దిగి, మర్నాడు తిప్పి పంపేసే అలవాటుకు అమెరికాలో "వార్డ్‌రోబింగ్" అని ఒక పేరే పెట్టారు. మరి కట్టిన బట్టను కట్టినట్టు పట్టుకోవడం ఎలా? దీనికి కొంత రసాయన శాస్త్రం కావాలి, కొంత జీవశాస్త్రం కావాలి. చివరికి కాస్త లెక్కలు కూడా కావాలి. ఆ లెక్కల దగ్గరే చాలామంది పొరబడతారు.

ఒంటి నుంచి బట్టకు

ఫ్రాన్సులో ఎడ్మండ్ లోకార్డ్ అనే ఆయన 1910లో లియాన్ నగర పోలీసులకు ఒక పరిశోధనశాల ఏర్పాటు చేశాడు. రెండు వస్తువులు తగిలితే, దీనిది దానికీ, దానిది దీనికీ ఎంతో కొంత అంటుకోక తప్పదన్నది ఆయన పరిశోధనలకు మూలసూత్రం. నేరస్థుల కోసం చెప్పిన ఆ సూత్రం మన చొక్కాలకూ వర్తిస్తుంది.

మన చర్మం పైపొర నిత్యం కంటికి కనపడనంత చిన్న పొలుసులుగా రాలుతూనే ఉంటుంది. చర్మం కింది గ్రంథులు నూనెవంటి పదార్థాన్ని ఊరిస్తుంటాయి. చొక్కా మెడపట్టీ లోపలివైపు పసుపుపచ్చని చార కనబడుతుందే, అది చాలావరకు ఈ నూనే. గాలి తగిలి, రోజులు గడిచేకొద్దీ అది ముదురుతుంది. ఇక చెమట. అందులో నూటికి దాదాపు తొంభైతొమ్మిది వంతులు నీరే. మిగిలిన కాస్తలో ఉప్పు, యూరియా, లాక్టిక్ ఆమ్లం ఉంటాయి.

చిత్రమేమిటంటే, అప్పుడే పట్టిన చెమటకు వాసన దాదాపు ఉండదు! మరి ఆ కంపు ఎక్కడిది? చంకల్లో ఉండే ప్రత్యేక గ్రంథులు కొవ్వు, మాంసకృత్తులు కలిసిన చిక్కని ద్రవాన్ని స్రవిస్తాయి. చర్మంమీద కాపురముండే బాక్టీరియాకు అది విందు భోజనం. అవి దానిని విడగొట్టి, గాలిలో తేలికగా కలిసే ఆమ్లాలనూ, గంధక సమ్మేళనాలనూ విడుదల చేస్తాయి. మన ముక్కుకు తగిలేవి అవే.

ఇప్పుడు పార్సిలు సంగతి ఆలోచించండి. ఆదివారం పెళ్ళిలో తొడుక్కున్న జాకెట్టును సోమవారం పాలిథిన్ సంచిలో పెట్టి అంటించారు. పంపినవారికి వాసనేమీ తెలియలేదు. లోపల తేమ ఉంది, తిండి ఉంది. బయట తిరుపతి జిల్లా ఎండ. సంచి మూడు రోజులు వాహనాల్లో తిరిగింది. బాక్టీరియాకు ఇంతకన్న ఏం కావాలి? గురువారం సంచి కత్తిరించినవారి ముక్కు అదిరిపోతుంది. పంపినవారు "మేం పంపినప్పుడు బాగానే ఉందే!" అంటారు. వాళ్ళు చెప్పేది అబద్ధం కాకపోవచ్చు కూడా.

ఏ బట్టయినా ఒకేలా వాసన పట్టదు. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 2014లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. 26 మంది చేత చెమటలు కారేలా వ్యాయామ సైకిళ్ళు తొక్కించారు. వాళ్ళు తొడుక్కున్న టీషర్టులను 28 గంటలు దాచి ఉంచి, తరువాత వాసన చూసేవారి చేతికిచ్చారు. నూలు చొక్కాలకన్న పాలిస్టర్ చొక్కాలే ఎక్కువ కంపు కొట్టాయి. మైక్రోకోకస్ అనే బాక్టీరియా పాలిస్టర్ మీద బాగా పెరిగిందట. నూలుపోగు నీటిని తనలోకి పీల్చుకుంటుంది. పాలిస్టర్ నీటిని పీల్చుకోదు, నూనెలను మాత్రం అంటిపెట్టుకుంటుంది. అందుచేత ఒకే పూట తొడిగిన రెండు చొక్కాలలో ఒకటి పట్టుబడవచ్చు, ఇంకొకటి తప్పించుకోవచ్చు.

ముక్కును నమ్మవచ్చా?

తిరిగివచ్చిన బట్టలను పరీక్షించేవారు మొట్టమొదట వాడే పరికరం ముక్కే. ఖర్చు లేదు, కరెంటు అక్కరలేదు. కాని ముక్కుకు ఒక బలహీనత ఉంది. ఒకే వాసన కొంతసేపు పీలిస్తే అది ఇక తెలియకుండా పోతుంది. మల్లెపూల బుట్ట పక్కన కూర్చున్న పూలమ్మికి ఆ పరిమళం తెలియదు కదా! అలాగే వరసగా బట్టలు వాసన చూస్తూపోయిన మనిషికి, మొదటి బట్ట దగ్గర తెలిసినంత స్పష్టంగా వందో బట్ట దగ్గర తెలియదు. మధ్యమధ్య బయటి గాలి పీల్చి రావాలి.

మన కలంకారీ చీర దగ్గర ముక్కుకు ఇంకో చిక్కు ఉంది. కలంకారీ బట్టను ముందుగా కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల కలంతో గీసిన గీత అలుక్కుపోకుండా నిలబడుతుంది. ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టి "కసిమి" అనే నల్లరంగు ద్రవం చేస్తారు. ఇన్ని పాలు, ఇంత పులుపు తాగిన బట్టకు తనదైన వాసన ఒకటి ఉండదూ? స్వర్ణముఖి ఇసుకలో పారే నీళ్ళలో ఎన్నిసార్లు ఉతికినా కొత్త చీరలో ఆ వాసన కొంత మిగిలే ఉండవచ్చు. అలవాటు లేనివారు అదే పట్టుకుని "ఎవరో వాడిన చీర పంపారు" అని పొరబడగలరు కూడా!

కనుక ముక్కును పక్కన పెట్టి కంటికి పని చెబుదాం.

నూలుపోగు సెల్యులోజ్ అనే పొడవాటి అణువుల కట్ట. పక్కపక్కన ఉన్న అణువులను హైడ్రోజన్ బంధాలు అనే చిన్న చిన్న వంతెనలు పట్టి ఉంచుతాయి. నీరు తగిలితే ఈ వంతెనలు తెగుతాయి, ఆరితే మళ్ళీ ఏర్పడతాయి. ఇస్తిరీ చేసేముందు బట్టమీద నీళ్ళు ఎందుకు చిలకరిస్తారో ఇప్పుడు తెలిసిందా? వంతెనలు తెంచి, బట్టను చదును చేసి, ఆ చదునులోనే మళ్ళీ కట్టడానికి. మీరు చొక్కా తొడుక్కుని బెంచీమీద కూర్చున్నప్పుడు జరిగేదీ ఇదే. ఒంటి వేడి, చెమట తేమ, బరువు కలిసి మోచేతి దగ్గరా, నడుము దగ్గరా పోగులను వంచి, ఆ వంపులోనే వంతెనలు కట్టేస్తాయి. మడతపెట్టిన గీత గీటుబద్దతో గీసినట్టు తిన్నగా ఉంటుంది. తొడిగిన ముడత విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. చీరకైతే కుచ్చిళ్ళు దోపిన చోట దగ్గర దగ్గరగా గీతలు పడతాయి. భుజంమీద పిన్ను గుచ్చిన రెండు చిల్లులు ఉంటాయి. కింది అంచున నేల దుమ్ము ఉంటుంది. ఇక ఫాల్ కుట్టించి ఉంటే చెప్పేదేముంది, వాదనే అక్కరలేదు!

ఉతికి పంపితే? అప్పుడు వాసన పోతుంది, ముడతలు ఇస్తిరీతో పోతాయి. కాని గంజి కూడా పోతుంది. గంజి పెట్టిన కొత్త నేత చీర అంచునుంచి ఒక్క పోగు లాగి, దానిపై పలచని టించర్ అయోడిన్ చుక్క వేయండి. పోగు నల్లగా, నీలిగా మారితే గంజి ఉన్నట్టే. అయోడిన్ అణువులు గంజి అణువుల చుట్టలో దూరినప్పుడు ఆ రంగు వస్తుంది. బాగా ఉతికిన చీర పోగు గోధుమరంగులోనే ఉండిపోతుంది. (ఈ ప్రయోగం పోగుమీదే చేయండి. చీరమీద చేస్తే అమ్మ చేతిలో మీ పని అయిపోతుంది.) అయితే కలంకారీకి ఈ పరీక్ష పనికిరాదు. బొమ్మలు గీయకముందే బట్టలోని గంజిని వదలగొడతారు. తరువాత కూడా రంగు రంగుకూ ఉతుకుతూనే ఉంటారు.

దానికి వేరే దారి ఉంది. దొంగనోట్లను పట్టుకోవడానికి దుకాణాల్లో ఊదారంగు దీపం వాడతారు, చూశారా? అది అతినీలలోహిత కిరణాల దీపం. బట్టలు తెల్లగా కనబడేందుకు చాలా సబ్బుపొడుల్లో ఒక రసాయనం కలుపుతారు. అది కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలికాంతిగా మార్చి వదులుతుంది. ఆ దీపం కింద మీ స్కూలు చొక్కా నీలంగా మెరిసిపోతుంది. అలాంటి రసాయనం తగలని గాడా బట్టమీద గీసిన కలంకారీ చీర అలా మెరవకూడదు. మెరిసిందంటే దాన్ని సబ్బుపొడితో ఉతికారేమోనని అనుమానించవచ్చు. మిల్లులో తెల్లబరచిన బట్టలకు మాత్రం ఆ రసాయనం మిల్లులోనే పట్టిస్తారు కాబట్టి, వాటి దగ్గర ఈ దీపం ఏమీ తేల్చలేదు. పసుపు కూడా ఈ దీపం కింద పచ్చని కాంతితో వెలుగుతుంది. మన పెళ్ళిళ్ళలో పసుపు తగలకుండా తప్పించుకున్న కొంగు ఎక్కడైనా ఉంటుందా? దీపంవైపు మాత్రం నేరుగా చూడకండి, కంటికి చేటు.

మరక ఉంటే తప్పు కొన్నవారిదేనా?

ఇక్కడ ఆగి ఒక సంగతి ఆలోచించాలి. జాకెట్టు చంక దగ్గర రంగు వెలిసిపోయి వచ్చిందనుకోండి. "తొడిగారు, చెమట పట్టింది" అని దుకాణంవారు అంటారు. నిజమే కావచ్చు. కాని చెమటకు వెలిసిపోయే రంగు వేసింది ఎవరు?

దీన్ని తేల్చడానికి పరిశోధనశాలల్లో కృత్రిమ చెమట తయారుచేస్తారు! నవ్వకండి, దీనికి అంతర్జాతీయ ప్రమాణమే ఉంది: ఐ.ఎస్.ఓ. 105-ఇ04. లీటరు నీటిలో 5 గ్రాముల ఉప్పు, అర గ్రాము హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం లవణం, కొంత ఫాస్ఫేటు కలుపుతారు. ఒక సీసాలో పి.హెచ్. 5.5 ఉండేలా, ఇంకో సీసాలో 8 ఉండేలా చూస్తారు. ఎందుకు రెండు? తాజా చెమట కొంచెం ఆమ్లంగా ఉంటుంది. బాక్టీరియా చేరాక క్షారంగా మారుతుంది. బట్టముక్కను ఆ ద్రవంలో తడిపి, తెల్లబట్ట జత చేసి, అదిమిపెట్టి, ఒంటి వేడికి సమానమైన 37 డిగ్రీల దగ్గర 4 గంటలు ఉంచుతారు. రంగు ఎంత వెలిసిందో, తెల్లబట్టకు ఎంత అంటిందో 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. ఈ పరీక్షలో తప్పిన బట్టను అమ్మి, తరువాత కొన్నవారి చెమటను నిందించడం ఏం న్యాయం?

కలంకారీలోని నల్లగీత సంగతి ఇంట్లోనే పరీక్షించవచ్చు. చిక్కని తేయాకు డికాక్షనులో తుప్పుపట్టిన మేకు వేసి రాత్రంతా ఉంచండి. నల్లబడుతుంది. కరక్కాయలోలాగే తేయాకులోనూ టానిన్ ఉంది. అది ఇనుముతో కలిస్తే నలుపు. చీరమీది నలుపూ అదే. ఇప్పుడు నిమ్మరసం పిండండి. నలుపు విరిగిపోతుంది! ఆమ్లం ఇనుమును టానిన్ నుంచి విడదీస్తుంది. నల్లగీత మధ్యలో గుండ్రటి పాలిపోయిన మచ్చ ఉంటే అది చెమట పని కాకపోవచ్చు. విందులో పులుసో, నిమ్మకాయ పులిహోరో చిందిందేమో!

ఇక లెక్క

ఒక్కొక్క పరీక్షా ఎక్కడో ఒకచోట పొరబడుతుందని చూశాం. ఆ పొరపాటు విలువ ఎంతో లెక్క కడదాం. ఇవి లెక్క కోసం నేను అనుకున్న అంకెలు మాత్రమే.

1000 చీరలు తిరిగివచ్చాయి. వాటిలో నిజంగా కట్టినవి 100. మన పరీక్ష కట్టినవాటిలో నూటికి 80ని పట్టుకుంటుంది. కట్టనివాటిలో నూటికి 10ని పొరపాటున "కట్టినవి" అంటుంది. మంచి పరీక్షే కదా అనిపిస్తుంది. కట్టినవాటిలో దొరికినవి 80. కట్టనివి 900, అందులో నింద పడినవి 90. అంటే "కట్టారు" అని తేలిన 170 చీరలలో సగానికి పైగా అమాయకులవే!

ఎందుకిలా జరిగింది? నిజాయితీపరులు ఎక్కువమంది కాబట్టి. వారిలో కొద్ది వంతు పొరపాటైనా పెద్ద సంఖ్య అవుతుంది. ఇప్పుడు ఆ 170 చీరలకూ మరో పరీక్ష, ముడతల పరీక్ష అనుకోండి, అంతే నాణ్యమైనది పెడదాం. రెండుసార్లూ దొరికిన కట్టిన చీరలు 64, నింద పడినవి 9. చూశారా, 90 కాస్తా 9 అయింది. కాని కట్టిన వందలో 36 తప్పించుకున్నాయి. ఈ రెంటిలో ఏది మేలో లెక్క చెప్పదు, దుకాణంవారే తేల్చుకోవాలి. నన్నడిగితే తొమ్మిదిమందిని కూడా నిందించడానికి మనసొప్పదు. మరో సంగతి: రెండు పరీక్షలూ ఒకే కారణంవల్ల పొరబడేవి కాకూడదు. ఇద్దరు మనుషులు ఒకే చీర వాసన చూస్తే అవి రెండు పరీక్షలు కావు.

చట్టం ఏమంటుంది? మన దేశంలో 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం, లోపమున్న వస్తువును గాని, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును గాని తిరిగి తీసుకోనని అమ్మినవారు అనకూడదు. "నచ్చలేదు" అన్నందుకు తీసుకోవడం మాత్రం దుకాణం తనంతట తాను ఇచ్చే మాట. ఐరోపా సమాఖ్యలో దూరంనుంచి కొన్న చాలా వస్తువులను కారణం చెప్పకుండానే 14 రోజుల్లో వద్దనవచ్చు. దుకాణంలో తొడిగి చూసుకున్నట్టు చూసుకోవచ్చు. అంతకు మించి వాడితే, తగ్గిన విలువ మేరకు కొన్నవారు భరించాలి. ఇది నాకు తెలివైన పద్ధతిగా కనిపిస్తుంది. "కట్టారా, లేదా" అన్న ఒక్క ప్రశ్నమీద అంతా నిలబడదు. "చీర విలువ ఎంత తగ్గింది" అని అడగవచ్చు. దానికి జవాబు చీరను చూసి చెప్పవచ్చు.

కొన్ని సంస్థలు జగడం రాకముందే జాగ్రత్త పడతాయి. అద్దంలో చూసుకోవడానికి అడ్డురాకుండా, కాని తీయకుండా బయటికి వెళ్ళలేని విధంగా, ఎదురుగా కనబడేచోట పెద్ద చీటీ తగిలిస్తాయి. అది కత్తిరిస్తే వాపసు లేదు. నూరు ప్రయోగాలకన్న ఈ ముక్క అట్ట నయం!

సరే, కట్టినట్టు తేలిన చీరను ఏం చేయాలి? పారేయనక్కరలేదు. దీనికి ఉదాహరణ తిరుపతిలోనే ఉంది. శ్రీవారికి భక్తులు సమర్పించిన వస్త్రాలను తిరుమల తిరుపతి దేవస్థానం ఈ-వేలంలో అమ్ముతుంది. ఆ వేలం ప్రకటనలలో కొత్తవి, ఉపయోగించినవి, పాక్షికంగా దెబ్బతిన్నవి అని ముందే చెబుతారు. పాలిస్టర్ చీరలు, పంచెలు, తువ్వాళ్ళు, దుప్పట్లు ఇలా రకాలవారీగా లాట్లు కడతారు. కొనేవారికి తామేం కొంటున్నారో తెలుసు, దానికి తగ్గ ధరే పాడతారు. ఇదే పని ఆన్‌లైను దుకాణమూ చేయవచ్చు. ఐరోపాలో కొన్ని సంస్థలు తిరిగివచ్చిన బట్టలను సరిచేయడం దండగని భావించి నాశనం చేసేవి. 2024లో అక్కడ చేసిన చట్టం ప్రకారం, అమ్ముడుపోని దుస్తులను పెద్ద సంస్థలు అలా నాశనం చేయడాన్ని 2026 జూలై 19 నుంచి నిషేధించారు. కొన్నవారు వద్దని తిప్పి పంపినవి కూడా ఇందులోకే వస్తాయి.

మళ్ళీ మన శ్రీకాళహస్తి చీర దగ్గరికి వద్దాం. దీపం కింద సబ్బు మెరుపు కనబడలేదు. భుజం దగ్గర పిన్ను చిల్లులు లేవు. కుచ్చిళ్ళ గీతలూ లేవు. కొంగు మడత ఒక్కటే మారింది. వాసన? సంచిలోంచి తీసి నీడలో గాలికి ఆరేస్తే సాయంత్రానికి మిగిలింది కరక్కాయ వాసన. ధర చీటీ సరిచూసి, చీర మళ్ళీ మడతపెట్టి, చెన్నైకి డబ్బు వాపసు పంపించారు.